కొలిమిలో కొట్టిన కానాగంత చేపల గుంపుకి ఉప్పుగాలి తుప్పు. సుత్తి గుర్తులు పోకుండా ఏం చెయ్యొచ్చు?

భీమిలి కొలిమి:

అందరికీ నమస్కారమండి. మాది భీమిలి పక్కన ఊరు, కమ్మరి కుటుంబం. తాత, నాన్న ఇద్దరూ పడవల వాళ్లకి మేకులు, లంగర్లు, కొక్కేలు కొట్టి ఇల్లు నడిపారు. చెక్క పడవల చోట ఫైబర్ పడవలు వచ్చాక మేకుల పని తగ్గిపోయింది. 2014లో హుద్‌హుద్‌కి కొలిమి పాక రేకులు ఎగిరిపోతే నాన్న మళ్లీ కట్టలేదు. నేను డిప్లొమా చేసి గాజువాకలో ఫ్యాబ్రికేషన్ పనికి పోయాను. మూడేళ్ల కిందట తిరిగొచ్చి, అదే చోట షెడ్డు వేసి, నాన్న దాగలిని (కాల్చిన ఇనుము పెట్టి కొట్టేది) మళ్లీ దిమ్మ మీదకి ఎక్కించాను. గేట్లు, గ్రిల్స్ చేస్తూనే సముద్రం బొమ్మలు కొడుతున్నాను. పీతలు, తాబేళ్లు, కెరటాలు. ఇవి పోత పోసినవి కావు, రేకు కత్తిరించి వెల్డింగ్ పెట్టినవీ కావు. ప్రతిదీ కొలిమిలో కాల్చి దాగలి మీద కొట్టిందే.

నిరుడు చలికాలంలో రుషికొండ వైపు ఒకాయన తన ఇంటి బయటి గోడకి పెద్ద బొమ్మ అడిగారు. ఆ ఇంటికీ సముద్రానికీ మధ్య నూటయాభై మీటర్లు ఉంటుందేమో. కానాగంతల గుంపు కెరటంలా లేచి తిరుగుతున్నట్టు చేశాను. తొమ్మిది అడుగుల పొడవు, 41 చేపలు. 40 బై 6 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీల్ పట్టీ జానెడు ముక్క కోసి, నారింజ రంగు వచ్చేదాకా కాల్చి, ఒక కొసని తోకకి చీల్చి, రెండో కొసని మూతికి సాగగొట్టి, పొట్ట ఉబ్బుని గుండ్రటి సుత్తితో తెచ్చాను. కన్ను దగ్గర ఆరపార బెజ్జం. చేపలన్నిటినీ కెరటంలా తిరిగిన కడ్డీలకి రివెట్లతో బిగించాను. ఒక్కో చేపని ఆరేడు సార్లు కాల్చాల్సి వచ్చింది.

నాన్నకి కుడి భుజం పట్టేసింది, సమ్మెట ఎత్తలేడు. అయినా స్టూలు వేసుకుని దాగలి పక్కనే కూర్చునేవాడు. ప్రతి చేపకీ ఆఖరి గుర్తులు పెట్టింది ఆయనే. కానాగంతని చేతిలో పట్టుకుని చూసినవాళ్లకి తెలుస్తుంది, వీపు రెక్క దాటాక తోక దాకా పైన ఐదు, కింద ఐదు బుల్లి రెక్కలుంటాయి, రంపం పళ్లలా. మూడేసి పెడితే చాలులే నాన్నా అన్నాను. "వేటకెళ్లేవాడు చూస్తే ఇదేం చేపరా అంటాడు" అని సన్న ఉలితో పైన ఐదు, కింద ఐదు గాట్లు పెట్టాడు. ఎడం చేత్తో సుత్తి పట్టి. 41 చేపలకి 410 గాట్లు. వీపు మీద చుక్కల వరుస కూడా ఆయనదే.

పని అయ్యాక వైర్ బ్రష్ కొట్టి, ఇనుము వేడిగా ఉండగానే అవిసె నూనె, తేనెమైనం కలిపి రాశాను. నల్లగా నిగనిగలాడింది. మా ఇంట్లో తాబేలుకి ఇదే పూత, రెండేళ్లయినా మచ్చ లేదు. ఇక్కడ మాత్రం మార్చిలో బిగిస్తే మే నెలకే రివెట్ల చుట్టూ ఎర్రచారలు దిగాయి. జూన్‌లో మొదటి పెద్ద వాన పడ్డాక తెల్లగోడ మీద తుప్పు నీళ్లు కింద మెట్టు దాకా కారాయి. ఆయన ఫోన్ చేసి గట్టిగా ఏమీ అనలేదు, "ఒకసారి వచ్చి చూడండి" అన్నారు. వెళ్లి చూస్తే నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇప్పుడు వాళ్ల పెయింటింగ్ కాంట్రాక్టరు చెప్పేది ఏంటంటే, మొత్తం గ్రైండర్ కొట్టి, పుట్టీ పెట్టి నున్నగా చేసి సిల్వర్ పెయింట్ వేస్తే గొడవ ఉండదని. అలా చేస్తే ఆ 410 గాట్లలో ఒక్కటి మిగలదు. సుత్తి దెబ్బలు పోతే అది రేకు చేపే కదండీ. సగం డబ్బు ఆగి ఉంది, అదీ టెన్షన్‌గానే ఉంది, కానీ నాన్నకి ఈ పుట్టీ మాట ఎలా చెప్పాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను. గుర్తులు కనపడుతూ, ఆ గాలికి కనీసం కొన్నేళ్లు నిలిచే దారి ఏదైనా ఉందా? జింకు పూత వేయిస్తే గాట్లు పూడుకుపోతాయా? తీసేసి 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీల్‌లో మళ్లీ కొట్టాలా?

ఆటోనగర్ గ్రిల్ వర్క్స్:

తమ్ముడూ, నీ బాధ అర్థమైంది కానీ ముందు ఆగిపోయిన డబ్బు తెచ్చుకునే దారి చూడు. పుట్టీ వద్దులే, తుప్పు బాగా రుద్ది రెడ్ ఆక్సైడ్ ఒక కోటు, పైన ఎనామెల్ రెండు కోట్లు వెయ్యి. బీచ్ రోడ్డులో గేట్లన్నీ అంతే. ఏడాదికోసారి మళ్లీ వెయ్యాలని ఆయనకి ముందే చెప్పు.

యార్డు మనిషి:

నేను ఓడల మరమ్మతు యార్డులో పూతల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఇనుము మీద ఉప్పు చేసే పని ముప్పై ఏళ్లు చూశాను. మీ చేపలు నిలుస్తాయి, పుట్టీ అక్కర్లేదు.

ముందు ఎందుకిలా అయిందో చెబుతాను. కొలిమిలో కాల్చిన ఇనుము మీద నల్లటి పొర ఏర్పడుతుంది కదా, పొలుసు. వైర్ బ్రష్‌తో పోయేది వదులుగా ఉన్నది మాత్రమే. గట్టిగా అంటుకున్నది అక్కడక్కడా పగిలి ఉంటుంది. ఆ పగుళ్లలోకి ఉప్పునీరు చేరితే పొలుసు బాగానే ఉంటుంది, దాని పక్కన బయటపడ్డ ఇనుము మాత్రం గుంటలు పడుతూ తినేయబడుతుంది. దానికి తోడు సముద్రపు ఉప్పులో సోడియం క్లోరైడ్ ఒక్కటే కాదు, మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. అది గాలిలో తేమ కొంచెం ఉన్నా లాక్కుంటుంది. అంటే మన కంటికి పొడిగా కనపడే మధ్యాహ్నం కూడా మీ చేప తడిగానే ఉంటుంది. అవిసె నూనె, మైనం ఇంట్లోకి మంచివి. ఆ గోడ మీద అవి నెలలే ఆగుతాయి. రివెట్ల దగ్గర మొదలవడానికి కారణం రెండు పట్టీల మధ్య సందు. అందులోకి నీరు పోతుంది, ఆరదు.

ఇక మీ అసలు ప్రశ్న. హాట్ డిప్ గాల్వనైజింగ్‌లో ఇనుముని 450 డిగ్రీల దగ్గర కరిగి ఉన్న జింకులో ముంచుతారు. పూత మందం ఇనుము మందాన్ని బట్టి 55 నుంచి 85 మైక్రాన్ల దాకా వస్తుంది. 100 మైక్రాన్లంటే నోటుపుస్తకంలో ఒక కాగితం మందం. మీ నాన్నగారి ఉలిగాటు ఎంత లేదన్నా ఒక మిల్లీమీటరు లోతు ఉంటుంది, అంటే 1000 మైక్రాన్లు. కాగితం కప్పితే గాటు పూడదు. సుత్తి దెబ్బల పల్లాలూ అలాగే ఉంటాయి. పూడ్చేది పుట్టీ, ఎనామెల్ కోటు మీద కోటు. ఏడాదికోసారి వేస్తే నాలుగేళ్లకి ఆ పళ్లు కనపడవు, అందుకే పై సలహా మీ బొమ్మకి కుదరదు. గేటుకి సరే.

అంత దగ్గరి సముద్రపు గాలికి జింకు ఏడాదికి 4 నుంచి 8 మైక్రాన్లు పోతుందని లెక్క వేసుకోండి. సన్నటి తోకలకైనా ఏడేళ్లు, మందం ఉన్నచోట పదేళ్లు దాటుతుంది. పైన పల్చటి పెయింటు ఉంటే ఇంకా ఎక్కువ.

కానీ జాగ్రత్తలున్నాయి. రివెట్లతో బిగించి ఉన్నదాన్ని అలాగే ముంచకండి. ముందు యాసిడ్ తొట్టిలో వేస్తారు, ఆ యాసిడ్ రివెట్ సందులోకి దూరి, పూత అయ్యాక నెలల తరబడి ఊరుతూ బయటికొస్తుంది. రివెట్లు డ్రిల్ చేసి తీసి, చేపలు విడిగా, కెరటం కడ్డీలు విడిగా పంపండి. మైనం, నూనె యాసిడ్‌కి పోవు. ముందు మీరే కాల్చి వదిలించాలి. ఇంకోటి, ఉక్కులో సిలికాన్ పాళ్లని బట్టి పూత ఒక్కోసారి మెరుపు లేకుండా, మందంగా, గరుకుగా వస్తుంది. అందుకని ముందు ఒక్క చేపని పరీక్షకి పంపి చూడండి.

భీమిలి కొలిమి:

సార్, కాగితం లెక్క చదివాక ప్రాణం లేచొచ్చిందండి. వెర్నియర్ పెట్టి చూశాను, గాట్లు 1.2 నుంచి 1.5 మిల్లీమీటర్ల లోతు ఉన్నాయి. నాన్నకి చదివి వినిపిస్తే "ఆ యార్డాయన ఇనుము ముట్టుకున్నవాడురా" అన్నాడు. ఒక డౌటు. పూత పడ్డాక చేపలు మళ్లీ కడ్డీలకి వేడి రివెట్లతో బిగించొచ్చా? చేప తోక కొంచెం వంకర సర్దాలన్నా కాల్చొచ్చా?

కొలిమి కోడలు:

వద్దు తమ్ముడూ, జింకు పడ్డ ఇనుము మాత్రం కొలిమిలో పెట్టకు. నేను కాకినాడ వైపు. మా ఆయన పట్టకారు పడితే నేను సమ్మెట వేస్తాను, ఇరవై రెండేళ్లుగా. ఒకసారి తుక్కు కొట్టు నుంచి తెచ్చిన గొలుసు జి.ఐ. అని, అంటే జింకు పూత ఉన్నదని తెలియక కాల్చాం. తెల్లటి పొగ, దూదిపింజల్లా పొట్టు లేచింది. తలుపు వేసి ఉన్న షెడ్డు. సాయంత్రానికి ఇద్దరికీ చలి, ఒళ్లు నొప్పులు, నోట్లో రాగి బిళ్ల పెట్టుకున్నట్టు రుచి, రాత్రంతా జ్వరం. పాలు తాగితే పోతుందని మావాళ్లంతా అంటారు, పాలకి దానికీ ఏమీ సంబంధం లేదని డాక్టరు గారు చెప్పారు. ఆ పొగ పీల్చకపోవడం ఒక్కటే మార్గం. కాబట్టి నీ వంపులు, సర్దుబాట్లు అన్నీ ముంచకముందే అయిపోవాలి. తర్వాత బోల్టులు, మధ్యలో నైలాన్ వాషర్లు.

మైనం కాల్చి తీసేటప్పుడు కూడా నిదానం. నీ చేప పొట్ట దగ్గర మందం, తోక పల్చన. పొట్ట ఎర్రబడేలోపు తోక తెల్లగా కాగి నిప్పురవ్వలు కక్కుతుంది, అంతే, అది కాలిపోయినట్టు. తోక బయటికి పెట్టి, చీకట్లో మసక ఎరుపు కనపడితే చాలు, తీసెయ్.

స్టెయిన్‌లెస్ అడిగావు కదా. మేం 316తో రెండు శంఖాలు కొట్టాం. మామూలు ఇనుము మెత్తగా సాగే వేడికి అది బిర్రుగా ఉంటుంది, ఇంకా ఎక్కువ కాల్చాలి, వేడి కొంచెం తగ్గినా బిగుసుకుంటుంది, సమ్మెట దెబ్బకి మోచేతుల దాకా జిల్లుమంటుంది. పైగా కాల్చినచోట నల్లబడిన పొర తీసి యాసిడ్ పేస్టుతో శుభ్రం చెయ్యకపోతే స్టెయిన్‌లెస్ కూడా సముద్రం దగ్గర గోధుమరంగు మచ్చలేస్తుంది. మీ నాన్న చెయ్యి బాగోలేదంటున్నావు. ఆయన పెట్టిన గాట్లున్న చేపల్ని పక్కన పడేసి మళ్లీ కొట్టడం ఎందుకు?

ఒకసారి కోణార్క వెళ్లినప్పుడు ఆవరణలో పెట్టిన ఇనుప దూలాలు చూశాను. గుడి 13వ శతాబ్దానిది. సముద్రం అక్కడికి మూడు కిలోమీటర్లే. చిన్న చిన్న ఇనుప దిమ్మలు కాల్చి, ఒకదానికొకటి సమ్మెటతో అతికి అంత పొడుగు దూలం చేశారు. 30 అడుగులు దాటినవి కూడా ఉన్నాయి. అతుకుల దగ్గర చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాను. పైన తుప్పు ఉంది, లోపల దూలం ఉంది. అప్పటి బొగ్గు ఇనుము వేరు, ఇప్పటి మైల్డ్ స్టీల్ వేరు, దాన్ని చూసి నీ చేపల్ని వదిలెయ్యమని కాదు. కమ్మరి కొట్టింది ఉప్పుగాలిలో ఇన్నాళ్లు నిలవగలదని నీకు చెప్పాలనిపించింది.

బిల్బావో నుంచి:

నేను కర్నూలు వాణ్ణి, ఉద్యోగం స్పెయిన్‌లో. ఇక్కడికి ఓ వంద కిలోమీటర్ల దూరంలో సాన్ సెబాస్టియన్ అనే సముద్రపు ఊరుంది. అక్కడ ఒండరెటా బీచ్ చివర రాళ్లలో ఎడ్వర్డో చిల్లిడా అనే శిల్పి ఉక్కు శిల్పాలు మూడున్నాయి. పేరు 'గాలి దువ్వెన' అని అర్థం వస్తుంది. 1970ల్లో, 1976-77 ప్రాంతంలో పెట్టారు. ఒక్కోటి దాదాపు పది టన్నులు. రాయిలోంచి లావుపాటి ఉక్కు వేళ్లు బయటికొచ్చి, వంకర తిరిగి గాలిని పట్టుకోబోతున్నట్టు ఉంటాయి. పెద్ద కెరటం వస్తే మొత్తం తడిసిపోతాయి. ముందున్న గచ్చులో బెజ్జాలు పెట్టారు, కింద కెరటం కొట్టినప్పుడల్లా వాటిలోంచి గాలి బుస్సుమని పైకి తన్నుతుంది, ఒక్కోసారి నీళ్లతో సహా. మా పాప అక్కడినుంచి కదల్లేదు.

చిల్లిడా ఆ ఊళ్లోనే 1924లో పుట్టాడు. కుర్రవాడిగా రియల్ సొసియెడాడ్ జట్టుకి గోల్‌కీపర్. మోకాలు దెబ్బతిని ఆట ఆగింది. పారిస్‌లో ప్లాస్టరుతో బొమ్మలు చేసి, అవి తనవి అనిపించక 1951లో ఇంటికి తిరిగొచ్చి, పక్కనున్న ఎర్నానీ అనే ఊళ్లో కమ్మరి దగ్గర ఇనుము కొట్టడం నేర్చుకున్నాడు. అక్కడినుంచే ఆయన దారి మారింది. మీరు గాజువాక నుంచి ఇంటికొచ్చి కొలిమి వెలిగించానని రాసింది చదవగానే ఇది గుర్తొచ్చింది.

అక్కడ తుప్పుని తుడవరు, అదే దాని రంగు. ముట్టుకుంటే చెయ్యి ఎర్రబడుతుంది. మీ ఇంటాయనకి ఆ ఫొటోలు చూపించి తుప్పు అలాగే ఉంచుదామంటే ఒప్పుకుంటారేమో అని మొదట అనుకున్నాను. కానీ పైవాళ్ల లెక్కలు చదివాక ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అక్కడ ఉక్కు మనిషి నడుమంత మందం, కింద ఉన్నది రాయి. మీ తోకలు రెండు మూడు మిల్లీమీటర్లు, వెనక తెల్లగోడ.

యార్డు మనిషి:

బిల్బావో బాబు చివర్లో చెప్పిన మాట సరైనది. తుప్పుని రంగుగా వదలాలంటే పోగొట్టుకోవడానికి మందం ఉండాలి. తుప్పే కాపాడుతుందని అమ్మే వెదరింగ్ స్టీల్ కూడా ఉప్పు తుంపర నేరుగా తగిలేచోట గట్టి పొర కట్టలేదు, పొరలు పొరలుగా ఊడుతుంది.

భీమిలి బాబుకి ఇంకో రెండు మాటలు. బిగించేటప్పుడు బొమ్మకీ గోడకీ మధ్య రెండు వేళ్ల సందు వదలండి. వెనకవైపు వాన కడగనిచోట ఉప్పు పేరుకుంటుంది. వారానికోసారి మంచినీళ్ల పైపుతో ముందూ వెనకా కడగమని ఇంటివాళ్లకి చెప్పండి, అన్నిటికంటే చవకైన మందు అదే. కొత్త జింకు మెరుపు నచ్చకపోతే, పెయింటు పట్టడానికి గాల్వనైజ్డ్ ఇనుము మీద రాసే ద్రావణం ఒకటి దొరుకుతుంది, రాస్తే జింకు నల్లబడుతుంది. ఎక్కడ రాస్తే అక్కడే.

భీమిలి కొలిమి:

అందరికీ దండాలండి. ఇన్నాళ్లకి వచ్చి రాస్తున్నాను, పని మొత్తం అయ్యాకే చెబుదామని ఆగాను.

ఇంటాయన దగ్గరికి కాగితం ఒకటి, ఒక చేప పట్టుకెళ్లాను. చేపని ఆయన చేతికిచ్చి గాట్ల మీద వేలు రాయమన్నాను, తర్వాత కాగితం రెండు వేళ్ల మధ్య పెట్టి మందం చూడమన్నాను. పుట్టీ మాట మళ్లీ ఎత్తలేదు. గోడకి రంగు ఖర్చు నేను పెట్టుకునేలా, జింకు ఖర్చు చెరిసగం అనుకున్నాం.

మైనం కాల్చడంలో అక్క చెప్పిన జాగ్రత్త పాటించినా మూడు తోకలు పోయాయి. మొదటి రోజే. మెట్ట మధ్యాహ్నం వెలుగులో చేశాను, రంగు సరిగా తెలియలేదు, చిటపటమని రవ్వలు వచ్చేసరికి ఆలస్యమైంది. తర్వాత షెడ్డుకి గోనెపట్టాలు కట్టి సందె వేళే చేశాను. ఆ మూడూ మళ్లీ కొట్టాను. నాన్న ముప్ఫై గాట్లు మళ్లీ పెట్టాడు. రెండో చేప దగ్గర చెయ్యి వణికితే ఆగి, టీ తాగి, మళ్లీ కూర్చున్నాడు.

పరీక్షకి పంపిన చేప వెండిలా మెరుస్తూ వచ్చింది. గాట్లన్నీ ఉన్నాయి. తీగ కట్టి వేలాడదీసిన కన్ను బెజ్జం దగ్గర చిన్న జింకు బొట్టు ఉంటే ఆకురాయితో తీశాను. మిగతా 40లో ఆరు మాత్రం గరుగ్గా, బూడిదరంగులో తిరిగొచ్చాయి. యార్డు సార్ చెప్పిన సిలికాన్ సంగతి అదే అయ్యుంటుంది, ఆ ఆరు వేరే కొట్టులో కొన్న పట్టీతో చేసినవి. వాటిని వెనక వరుసలో పెట్టాను, లోతు నీళ్లలో చేపల్లా కనపడుతున్నాయి.

నల్లబరిచే ద్రావణం వీపులకి మాత్రమే రాశాను. కానాగంత వీపు నలుపు కలిసిన నీలం, పొట్ట వెండి కదా. కుంచెతో వీపు నుంచి పక్కలకి దిగుతూ రాసి, పొట్ట జింకు రంగులోనే వదిలేశాను. ఇంటావిడ సిల్వర్ కావాలని అన్నారు మొదట్లో, పొట్టలు చూసి ఆవిడే "ఇదే బాగుంది" అన్నారు. బోల్టులు, నైలాన్ వాషర్లు, గోడకి రెండు వేళ్ల సందు. మిగతా డబ్బు మొన్న ఆదివారం చేతికిచ్చారు.

బిగించిన రోజు నాన్నని బండి మీద తీసుకెళ్లాను. కింద వరుసలో అందిన చేపల తోకలు ఒక్కొక్కటీ వేలితో తడిమి లెక్కపెట్టాడు. తర్వాత ఇంటికొచ్చి, ఇంకో చేప కొట్టమన్నాడు. దానికి ఏ పూతా వద్దన్నాడు. జింకు వేసినది ఇంకోటి కొట్టించి, రెండూ పక్కపక్కన షెడ్డు గుమ్మానికి, సముద్రం వైపుకి మేకులకి తగిలించాడు. ఆ మేకులు ఆయన పడవలకి కొట్టిన పాతవే. పూత లేని చేప నాలుగో రోజుకే ఎర్రబడింది. ప్రతి నెలా ఒకటో తారీఖున రెండిటికీ ఫొటో తీసి ఇక్కడ పెడతాను.